దెయ్యమైనా సరే, బండి ఆపు

మొన్న చలికాలంలో మా చినమామయ్య మనవడు కొత్త కారు కొనుక్కుని, దాన్ని నాకు చూపించడానికి ఏలూరు వచ్చాడు. "అత్తయ్యా, తెల్లారేసరికి కొల్లేరు గట్టు మీద ఉందామండి, పక్షులు చూపిస్తాను" అన్నాడు. కుర్రవాడు ముచ్చటపడుతున్నాడు కదా అని శాలువా కప్పుకుని ఎక్కాను. ఊరు దాటామో లేదో మంచు మూసేసింది. కారు ముందుభాగం కూడా కనపడడం లేదు. ఈ మహానుభావుడేమో వేగం తగ్గించకుండా హారన్ మోగిస్తూ పోతున్నాడు. ఏమిట్రా ఇది అంటే, "కనపడనప్పుడు హారన్ కొట్టాలి కదండీ" అన్నాడు. "హారన్ కొడితే నీకు కనపడుతుందా?" అన్నాను. నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆపకపోతే తలుపు తీసుకుని దిగిపోతానన్నాను. డెబ్బై దాటిన మనిషి అన్నంత పనీ చేస్తుందేమోనని భయపడి ఆపాడు. "లైసెన్సు ఉందండీ నాకు" అని గొణిగాడు. ఎలా ఇచ్చారయ్యా అంటే, మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపించమన్నారట, తిప్పాడట, ఇచ్చేశారట. ఇంకేం అడగలేదా అంటే, ఇంకేం అడుగుతారండీ అన్నాడు.

కారు అద్దాల చుట్టూ ఆ తెలుపు కదలకుండా నిలబడి ఉంది. ఎక్కడో నీళ్ళలో ఏదో పిట్ట ఒక్కసారి అరిచి ఊరుకుంది. ఆ నిశ్శబ్దం నాకు కొత్తది కాదు. నేను పరికిణీ కట్టుకునే రోజుల్లో అదే మంచులో, అదే గట్టు మీద, అదే నిశ్శబ్దంలో ఒకసారి కూర్చున్నాను. అప్పుడు మా నాన్నగారున్నారు, అమ్మ ఉంది, బండి నడుపుతున్నది ఈ కుర్రవాడి తాతే.

నాన్నగారికి ఒక బస్సు ఉండేది. ఆకుపచ్చ రంగు, చెక్క బాడీ, పక్కలకి కిటికీలు లేవు, చుట్టి పైకి కట్టే కిత్తాను గుడ్డ తెరలు. సాయంత్రం ఏలూరు నుంచి కొల్లేటి ఒడ్డున ఉన్న మా మేనత్త ఊరికి పోయేది, రాత్రికి అక్కడే పడుకునేది, తెల్లవారుజామున పాలవాళ్ళనీ చేపల గంపలవాళ్ళనీ ఎక్కించుకుని ఏలూరు వచ్చేది. మధ్యాహ్నం తాడేపల్లిగూడెం ట్రిప్పు. నాన్నగారు ఇంటికొస్తే ఆయనకంటే ముందు పెట్రోలు వాసన, తడిసిన కిత్తాను వాసన, చేపల వాసన వచ్చేవి. మా నాయనమ్మ నిష్ఠ గల మనిషి. బావి దగ్గర నీళ్ళు తోడిపెట్టి, తలమీంచి పోసుకుంటే తప్ప గడప తొక్కనిచ్చేది కాదు. ఆయన పోసుకుంటున్నంతసేపూ ఆవిడ బస్సుని తిట్టేది. ఆ బస్సు పెట్టిన అన్నమే తింటున్నామని ఆయన ఒక్కసారీ అనలేదు. తెల్లారి కాఫీ, మధ్యాహ్నం పప్పూ ఊరమిరపకాయలూ, సాయంత్రం బండెక్కే ముందు అరుగు మీద చుట్ట, ఇంతే ఆయన జీవితం. మాట తక్కువ. కోపం వస్తే ఇంకా తక్కువ.

కొల్లేటి దారిలో ఒక చోట కాలవ నీళ్ళు గట్టు కిందనుంచి పోయే పాత తూము ఉండేది. అటూ ఇటూ నీళ్ళు, మధ్యన ఒక్క బండి పట్టేంత దారి. ఆ తూము దగ్గర మంచులో తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి నిలబడి చెయ్యెత్తుతుందని, ఆపితే ఎక్కుతుందని, ఎక్కిన బండి కొల్లేట్లో తేలుతుందని ఆ దారిన పోయే డ్రైవర్లందరూ గట్టిగా నమ్మేవాళ్ళు. అందుకని ఎంతటి నిదానస్తుడైనా తూము వచ్చేసరికి ఏం చేసేవాడంటే, హారన్ బుడ్డి వదలకుండా పిసుకుతూ, కుడి ఎడమలు చూడకుండా, బండిని ఉన్న శక్తంతా పెట్టి పరిగెత్తించేవాడు. దారిలో ఏ మూల నిదానంగా పోవాలో ఆ మూలే పరిగెత్తించడం! చేపల గంపలవాళ్ళు కూడా "లాగించెయ్యండి బాబూ, లాగించెయ్యండి" అని వెనకనుంచి కేకలు పెట్టేవాళ్ళు. ఇది తప్పని ఎవరికీ తోచలేదు. నాన్నగారికీ తోచలేదు.

ఒక చలికాలం తెల్లవారుజామున ఆయన అలాగే లాగించారు. మంచులో తెల్లగా ఒక ఆకారం, పైకెత్తిన చెయ్యి, అంతే. ఏదో తగిలినట్టూ ఉంది, తగలనట్టూ ఉంది. వెనకనున్నవాళ్ళందరూ ఆపకండి ఆపకండి అని గోల పెట్టారు. ఆయన ఆపలేదు. మంచు విడిపోయాక మధ్యాహ్నం మనుషుల్ని వెంటబెట్టుకుని తూము దగ్గరికి వెళ్ళి వెతికారు. దారి మీద ఏమీ లేదు. నీళ్ళ నిండా గుర్రపుడెక్క అల్లుకుని ఉంది. మడ్‌గార్డు మీద గీత కూడా లేదు. ఇంటికొచ్చి ఈ సంగతి ఆయనే చెప్పారు. నాయనమ్మ చేతులు జోడించి, "అది మనిషి కాదు అబ్బాయీ, మనిషైతే కనపడదూ?" అంది. బస్సుకి నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు కట్టించింది. ఏలూరులో తెలిసినవాళ్ళంతా వచ్చి దెయ్యమే దెయ్యమే అని ధైర్యం చెప్పి వెళ్ళారు.

ఇక్కడే మా ఇంటికి ఏదో పట్టింది. ఏ ఇంట్లోనైనా దెయ్యం లేకపోతే బాగుండునని కోరుకుంటారు. మా ఇంట్లో మాత్రం అది దెయ్యమే కావాలని అందరం కోరుకునేవాళ్ళం. అది దెయ్యమైతే నాన్నగారు మంచివారు. అది మనిషైతే నాన్నగారు మనిషిని చంపారు. మధ్యలో ఇంకో దారి లేదు. నాయనమ్మ సాయంత్రం దీపం పెట్టి ఆ తెల్లచీరకి దండం పెట్టేది. అమ్మ పైకి అనేది కాదు గాని, ఎవరైనా తూము దగ్గర దెయ్యాన్ని చూశామంటే కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, మొత్తం చెప్పించుకునేది. నేనూ రాత్రి దుప్పట్లో "దేవుడా, అది దెయ్యమే అయ్యుండాలి" అని మొక్కుకునేదాన్ని. దెయ్యమంటే భయంతో ఒళ్ళంతా చెమటలు పట్టేవి, అయినా మొక్కేదాన్ని. నాన్నగారు మాత్రం నిమ్మకాయలు తెంపి పారేశారు. స్టీరింగు ముట్టుకోవడం మానేశారు. జీతానికి ఒక డ్రైవర్ని పెట్టుకుని, తాను పక్కన కూర్చునేవారు. కొన్నాళ్ళకి అతన్నీ పంపించేశారు, తూము దగ్గర లాగిస్తున్నాడని. బస్సు ఇంటి ముందు నిలిచిపోయింది.

అప్పుడు వచ్చాడు మా చినమామయ్య సత్యం. తాడేపల్లిగూడెంలో మా తాతగారికి బియ్యం కొట్టు. అందులో కూర్చోమంటే ఇష్టం లేక, "బావగారూ, నాకు డ్రైవింగు నేర్పండి, లేకపోతే నా బతుకు ఆ బస్తాల మధ్యనే" అని వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. మనిషి మెత్తన. బొద్దింకకి కూడా దారి ఇచ్చే రకం. దెయ్యమంటే నాకంటే ఎక్కువ భయం. నాన్నగారు అతన్ని వెంటనే బస్సెక్కించలేదు. పెరట్లో పీట వేసి కూర్చోబెట్టారు. కాళ్ళ ముందు మూడు ఇటుకలు: ఒకటి క్లచ్చి, ఒకటి బ్రేకు, ఒకటి ఆక్సిలేటరు. చేతికి నాయనమ్మ జల్లెడ ఇచ్చి అదే స్టీరింగన్నారు. పక్కన పాతిన పచ్చడిబండ గేరు. నాకు ఉద్యోగం ఏమిటంటే, ఎప్పుడు పడితే అప్పుడు దూడనో, ముసలమ్మనో అయి జల్లెడకి అడ్డం పరిగెత్తడం. నేను కనపడగానే మామయ్య ఇటుక తొక్కి, జల్లెడ వదలకుండా ఆగాలి. "ఆగావు, సరే. తర్వాత?" అనేవారు నాన్నగారు. "కుడీ ఎడమా చూస్తానండి." "తర్వాత?" "దిగి, ముందుకెళ్ళి చూస్తానండి." "ఎవరూ లేరనిపిస్తే?" "అప్పుడూ దిగి చూస్తానండి." పిండి జల్లించుకోడానికి జల్లెడ లేదని వంటింట్లోంచి నాయనమ్మ శాపనార్థాలు పెట్టేది.

బస్సు దగ్గర ఇంకో బడి. హ్యాండిలు తిప్పి స్టార్టు చేసే ముందు బండి చుట్టూ తిరగాలి, చక్రాల కింద వంగి చూడాలి. పడుకున్న కుక్క ఉండొచ్చు, పాకే పిల్ల ఉండొచ్చు. ముందు ఎంతమేర కనపడుతుందో అంతలోపల ఆగగలిగేంత వేగమే పోవాలి. మంచులో అయితే మనిషి నడకే నీ వేగం. హారన్ నువ్వు వస్తున్నావని చెప్పడానికి గాని, ఎదుటివాణ్ణి తప్పుకోమని ఆజ్ఞాపించడానికి కాదు. ఇవన్నీ ఒకటికి పదిసార్లు చెప్పేవారు. అన్నిటికంటే చివర, గొంతు తగ్గించి ఒక మాట అనేవారు: "దెయ్యమైనా సరే, బండి ఆపు. రోడ్డు మీద నిలబడ్డది ఏదైనా, నువ్వు దిగి చూసేదాకా అది మనిషే." ఆ మాటకి మామయ్య ముఖం పాలిపోయేది. మంచులో తూము దగ్గర ఆపిన రోజునే బస్సు నీ చేతికిస్తానని నాన్నగారు తేల్చేశారు. అమ్మ ఒకరోజు అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఏడ్చింది. "ఏవండీ, వాడు మా అమ్మకి కడగొట్టువాడండి. ఆ తూము దగ్గర వద్దండి, ఇంకెక్కడైనా పరీక్ష పెట్టండి" అంది. నాన్నగారు అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆపి, చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

ఆ రోజు ఎలా వచ్చిందంటే, మేనత్త ఇంట్లో వ్రతానికి అమ్మా నేనూ వెళ్ళి, తెల్లవారుజామున తిరుగు బస్సెక్కాం. స్టీరింగు దగ్గర మామయ్య, పక్కన నాన్నగారు. మళ్ళీ కదిలిన బస్సుకి ఆ దారిలో అదే మొదటి తెల్లవారుజాము. బస్సు నిండా పాల బిందెలు, గంపలు, మునగదీసుకున్న మనుషులు. ఊరి చివర దాకా బాగానే ఉంది. గట్టెక్కామో లేదో కొల్లేరు మీదనుంచి మంచు లేచొచ్చి తెరల సందుల్లోంచి లోపలికి కూడా వచ్చేసింది. పక్కనున్న అమ్మ ముఖం నాకు చెరిపేసినట్టు కనపడింది. మామయ్య మనిషి నడకకి దించాడు. "నడిచెళ్ళినా ఈపాటికి ఏలూరులో ఉందుం కదండీ" అని ఎవరో సణిగారు. కాసేపు అందరూ ఏవేవో మాట్లాడుకున్నారు. తూము దగ్గరవుతున్న కొద్దీ ఒక్కొక్కరే మానేశారు. ఇంజను చప్పుడు, తెరల మీంచి నీటిబొట్లు రాలే చప్పుడు మిగిలాయి. అంతటి నీళ్ళ మీద ఒక్క పిట్టా అరవడం లేదు. అమ్మ నా ముఖం మీద కొంగు వేసింది. నేను సందు చేసుకుని చూశాను. మామయ్య మెడ వెనక చెమట కారుతోంది.

ముందు తెలుపులో ఇంకో తెలుపు కనపడింది. చిక్కటి తెలుపు, నిలువుగా. అందులోంచి చెయ్యి పైకి లేచింది. చాలా నెమ్మదిగా లేచింది, ఎత్తీ ఎత్తీ అలిసిపోయినట్టు.

వెనక ఒక్కసారి గోల లేచింది. ఆపకు ఆపకు, పిల్లలున్నారు, లాగించెయ్యి అని అరిచారు. ఒక పెద్దాయన దండకం అందుకున్నాడు. బస్సు ఒకసారి ముందుకి ఎగిరింది, అదిరింది, ఆగిపోయింది. మామయ్య కాలు బ్రేకు మీద బిగుసుకుపోయి ఉంది. నాన్నగారు అతనికేసి చూడలేదు. ఎదురుగానే చూస్తూ, "దిగి చూడు" అన్నారు.

"బావగారూ..."

"దిగి చూడు సత్యం."

మామయ్య దిగాడు. కాసేపు చొక్కా కనపడింది, తర్వాత అదీ లేదు. "ఎవరండీ?" అన్న కేక వినిపించింది. జవాబు లేదు. "ఎవరండీ అక్కడ?" జవాబు లేదు. తర్వాత అతని గొంతు కూడా ఆగిపోయింది. అమ్మ ఉండబట్టలేక "తమ్ముడూ!" అని అరిచింది. ఆ అరుపు మంచులోకి పోయి ఎక్కడా తగల్లేదు. నా జన్మలో అంత భయం మళ్ళీ ఎరగను. చాలాసేపటికి కంకర మీద అడుగుల చప్పుడైంది. ఒక మనిషివి కావు, ఇద్దరివి.

మామయ్య చెయ్యి పట్టుకుని ఒక ఆడమనిషిని ఎక్కించాడు. నెరిసిన జుట్టు, తడిసి ఒంటికి అంటుకున్న తెల్ల ముతకచీర. బస్సులో ఉన్నవాళ్ళంతా గంపలతో సహా అవతలికి జరిగిపోయారు. ఖాళీ అయింది నా పక్క చోటే. ఆవిడ అక్కడే కూర్చుంది. దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని నాయనమ్మ చెప్పేది. నేను కళ్ళు దించి చూశాను. దేవుడా, వెనక్కి ఉండాలి, వెనక్కి ఉండాలి అనుకుంటూ చూశాను. బురదలో పగిలిన మడమలు, అరిగిన బొటనవేళ్ళు, అన్నీ ముందుకే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఎన్ని రోజుల్నుంచి చెయ్యెత్తుతున్నానో బాబూ" అంది ఆవిడ మామయ్యతో, పళ్ళు కొట్టుకుంటుంటే. "మా లంక నుంచి దోనె మీద వచ్చి నిలబడతన్నానండి. అన్ని బళ్ళూ నన్ను చూసి ఇంకా బిరబిరా పోతన్నాయండి. పిలిచీ పిలిచీ గొంతు పోయింది, మీరు కేకేసినా పలకలేకపోయాను. ఎందుకాపరండీ? నేనేం చేశానండీ?"

నాన్నగారు సీటులో వెనక్కి తిరిగారు. "ఏలూరులో ఏం పనమ్మా?" అని అడిగారు.

"మా అమ్మాయి కోసమండి, మంగ. అల్లుడు ఏలూరు గోనెసంచుల మిల్లులో పనిచేస్తాడండి. పోయిన మంచుకాలంలో అతని దగ్గరికని బయల్దేరిందండి. మా ఆయన ఈ తూము దగ్గర దింపి దోనె తిప్పేశాడండి. ఎనకమాల బస్సు చప్పుడయితే, ఎక్కేసిందనుకున్నాడండి. అల్లుడేమో పుట్టింట్లోనే ఉండిపోయిందనుకున్నాడంట, కోపంతో కబురెట్టలేదు. మొన్న అతనొచ్చాకండి, ఇద్దరి దగ్గరా లేదని తెలిసింది." ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని, బస్సు లోపలి పచ్చరంగు చెక్కని చేత్తో తడిమింది. "ఆ వేళకి ఈ దారిన పచ్చ బస్సే పోయేదంటండి. మీదేనా బాబూ? మా అమ్మాయి ఎక్కడ దిగిందండీ?"

ఇక్కడ నాన్నగారు ఏం చెప్పినా చెల్లేది. గుర్తులేదనొచ్చు. ఏలూరులో దిగిందనొచ్చు. ఆవిడ నమ్మేది, వెతుక్కుంటూ పోయేది, మాకు బస్సు మిగిలేది, నాయనమ్మకి దెయ్యం మిగిలేది. అమ్మ కళ్ళతోనే ఆయన్ని బతిమాలుతోంది, నేను చూశాను. నాయనమ్మా, అమ్మా, నేనూ ఏ మొక్కులు మొక్కామో ఆయనకీ తెలుసు.

"దిగలేదమ్మా" అన్నారు నాన్నగారు. "ఎక్కలేదు. నేను ఆపలేదు."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. ఆయన ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత, అంత కష్టంలో కూడా మా వైపు మనుషుల మర్యాద పోకుండా, చిన్నగా అడిగింది: "చెయ్యెత్తిందా అండి?"

"ఎత్తిందమ్మా. చూశాను."

బస్సు ఏలూరు చేరేదాకా ఆవిడ ఏడవలేదు. తడిసిన చెయ్యి నా మోకాలి మీద పడి ఉంది, తీసెయ్యాలని నాకూ అనిపించలేదు. నాన్నగారు ఆవిడతో కలిసి తిన్నగా పోలీసు స్టేషనుకి వెళ్ళారు. తూము దగ్గర గుర్రపుడెక్క తీయించి వెతికించారు. ఏం దొరికిందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కేసు నడిచింది. లైసెన్సు పోయింది, బస్సు పోయింది, ఆయన కొంతకాలం జైల్లో ఉన్నారు. నాయనమ్మ ఆ తర్వాత తూము పేరెత్తలేదు, దీపం దగ్గర ఆ దండమూ మానేసింది. మామయ్య వేరేవాళ్ళ బస్సుకి డ్రైవరై, ముసలివాడయ్యేదాకా ఆ దారినే నడిపాడు. నిండు వేసవిలో, కళ్ళు పొడిచేంత ఎండలో కూడా తూము దగ్గర ఆపి, దిగి చూసి ఎక్కేవాడు. ప్రయాణికులు ఆటపట్టించేవాళ్ళు, ఎవరికోసమండీ డ్రైవరుగారూ అని. పట్టించుకునేవాడు కాదు.

అప్పట్లో ఆ గట్టు మీద రోజంతా కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టే బళ్ళు తిరిగేవి. ఇప్పుడు కొల్లేరే సగం చేపల చెరువులైపోయింది, ఆ చెరువుల లారీలు, ట్రాక్టర్లు, కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతున్నాయి. దారులు వెడల్పయ్యాయి, దీపాలు వచ్చాయి, దెయ్యాలని ఎవరూ నమ్మడం లేదు. మంచిదే. కాని ఆపకుండా పోవడానికి అప్పుడు మావాళ్ళకి కనీసం భయమనే వంక ఉండేది. ఇప్పటివాళ్ళకి ఏ వంకా అక్కర్లేకుండా పోయిందని నా బాధ. రోజూ పేపరు తీస్తే మనిషిని గుద్ది ఆపకుండా పోయినవాళ్ళ వార్తలే.

నాన్నగారు జైలు నుంచి వచ్చాక మళ్ళీ స్టీరింగు పట్టలేదు గాని, ఏలూరు బస్సుల షెడ్డులో కొత్త డ్రైవర్లకి నేర్పడానికి ఆయన్నే పిలిచేవారు. సాయంత్రం కాఫీ పట్టుకెళ్ళేది నేనే కాబట్టి ఆయన పాఠం చాలాసార్లు విన్నాను. దెయ్యం మాట ఆ పాఠంలో లేదు. వచ్చినవాణ్ణి ఎదురుగా నిలబెట్టేవారు, క్లచ్చి గురించీ బ్రేకు గురించీ చెప్పడానికి ముందే వాడి కళ్ళలోకి చూస్తూ చెప్పేవారు: "మంగ అని ఒక పిల్ల, బాబూ. తూము దగ్గర చెయ్యెత్తింది. నేను చూశాను, ఆపలేదు. ఇంక బండెక్కు."